‘స్కిడ్’ అని రాసిన చీటీ

అఫ్జల్‌గంజ్, హైదరాబాద్
2025 ఆగస్టు 10

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఎం.ఎల్.సి. చీటీ, ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, చివర్లో ఆ ‘సెటిల్‌మెంట్’ ఫారం. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు మామా అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం విని ‘సరే సరే’ అంటావు, అందుకే కాగితం తీశాను. భువనగిరిలో మీ అమ్మ పక్కన కూర్చుని, కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుని నిదానంగా చదువు.

మొదట నన్ను కంగారు పెట్టింది ఆ ఎం.ఎల్.సి. చీటీ. ఎం.ఎల్.సి. అంటే మెడికో లీగల్ కేసు. దెబ్బ వెనక పోలీసు కేసు ఉండొచ్చనిపిస్తే క్యాజువాలిటీలో ఆ రిజిస్టర్లో ఎక్కించి స్టేషన్‌కు కబురు పంపుతారు. ఉస్మానియాలో నీకూ అదే చేశారు, మంచిదే. కానీ ‘హిస్టరీ’ అన్నచోట చూడు: బైక్ స్కిడ్ అయి పడ్డాడని ఉంది. డాక్టరు సొంతంగా రాయలేదు. నువ్వు నొప్పితో మూలుగుతుంటే బండి వెనక కూర్చున్న నీ దోస్తు చెప్పిన మాట అది. పోలీసుల గొడవ ఎందుకులే అనుకున్నాడట పిల్లగాడు. రేపు నిన్ను గుద్దిన ట్రాలీ ఆటో ఇన్సూరెన్స్ వకీలు మొట్టమొదట తీసి చూపించే కాగితం ఇదే. ‘ఏ బండీ తగల్లేదు, తనంతట తనే పడ్డాడు, సెల్ఫ్ ఫాల్’ అంటాడు. తనంతట తను పడినవాడికి అవతలి బండి ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు.

ఎవరినో పట్టుకుని ఆ చీటీ దిద్దించాలని మాత్రం చూడకు. దిద్దిన కాగితం అబద్ధం కాగితం కన్నా చెడ్డది. మర్నాడు ఇచ్చిన ఫిర్యాదులో ట్రాలీ నంబరు ఉంది, అది మన బలం. నీ దోస్తు స్టేషన్‌కు పోయి, ఆ మాట తానెందుకు చెప్పాడో ఉన్నదున్నట్టు వాంగ్మూలం ఇవ్వాలి. నయాపూల్ దగ్గర కెమెరాల రికార్డు ఎల్లకాలం ఉండదు, పాతదాని మీద కొత్తది ఎక్కుతూనే ఉంటుంది. ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని ఎస్.హెచ్.ఓ. పేర దరఖాస్తు రాసి, నకలు మీద ముద్ర వేయించుకోమను. ఇది ఈ వారంలోనే జరగాలి.

ఇక ఎఫ్ఐఆర్. దాంట్లో బీఎన్ఎస్ 281, 125(ఎ) అని ఉంది. 281 అంటే నిర్లక్ష్యంగా బండి నడపడం. 125లో (ఎ) మామూలు దెబ్బకు, (బి) తీవ్రమైన గాయానికి. ఎఫ్ఐఆర్ రాసేనాటికి ఎక్స్‌రే రిపోర్టు రాలేదు కాబట్టి (ఎ) పెట్టారు. చట్టం దృష్టిలో ఎముక విరిగితే అది ‘గ్రీవస్’, అంటే తీవ్రమైన గాయమే. బీఎన్ఎస్ 116లో ఆ జాబితా ఉంది. దవాఖాన నుంచి వూండ్ సర్టిఫికెట్ వచ్చాక పోలీసులు సెక్షన్ మార్చి కోర్టుకు మెమో పంపుతారు. ఆ మెమో కాపీ అడిగి తీసుకో. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఫైల్లోనే ఉంటుంది.

ఎఫ్ఐఆర్ కేసు వేరు, మన పరిహారం కేసు వేరు. మొదటిది ప్రభుత్వానికీ డ్రైవర్‌కూ మధ్య. అక్కడ అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. రెండోది మనం వేసేది. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ట్రిబ్యునల్లో వేస్తాం, దాన్నే మా కచేరీ భాషలో ఓ.పి. అంటాం. ఇక్కడ త్రాసు ఎటు మొగ్గితే అటు. డ్రైవర్ మీద కేసు కొట్టేసినా మన ఓ.పి. దానంతటది పోదు.

ఇప్పుడు ఆ ఫారం సంగతి. ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి ఫోన్ చేసి ‘రెండున్నర లక్షలు, కోర్టు లేదు కచేరీ లేదు’ అన్నాడే, వాడు చెప్పింది పూర్తి అబద్ధం కాదు. 2019లో చట్టం సవరించి 164 సెక్షన్ మార్చారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తప్పెవరిదని తేల్చాల్సిన పని లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. దీన్నే ‘నో ఫాల్ట్’ అంటారు. వాడు చెప్పనిది ఒకటుంది. ఆ పైసలు ఒప్పుకుని దస్తఖత్ పెడితే 166 కింద నీ పెద్ద కేసు అక్కడితో ముగిసిపోతుంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న ‘ఫుల్ అండ్ ఫైనల్’ అంటే అదే. రుజువేమీ లేనివాడికి రెండున్నర లక్షలు వరమే. నీకు ఎంత వచ్చే వీలుందో లెక్క చూసుకోకుండా మాత్రం సంతకం పెట్టకు.

లెక్క చెప్తాను, పెన్ను తీసుకో. (ఎడమచేత్తో అంకెలు రాస్తావులే.) నీ వయసు 27. నెలకు 18,000 అనుకుందాం. సొంత రాబడి మీదో, స్థిర జీతం మీదో బతికే నలభై లోపు వాళ్లకు ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ‘ఫ్యూచర్ ప్రాస్పెక్ట్స్’ అంటారు. అప్పుడు నెలకు 25,200, ఏడాదికి 3,02,400. దీన్ని ‘మల్టిప్లయర్’తో గుణించాలి. వయసును బట్టి మల్టిప్లయర్ ఎంతో 2009లో సరళా వర్మ కేసులో పట్టిక ఇచ్చారు. 26 నుంచి 30 ఏళ్లకు 17. గుణిస్తే 51,40,800. ఇదంతా నీకు రాదు. ఇందులో ఎంత శాతం సంపాదన శక్తి పోయిందో అంతే వస్తుంది. 15 శాతమంటే 7,71,120. 30 శాతమంటే 15,42,240.

ఈ శాతం దగ్గరే నేను ఆగుతాను అల్లుడా, మీ నాన్న కేసు ఇక్కడే పోయింది కాబట్టి.

1996 మాట, నువ్వింకా పుట్టలేదు. మీ నాన్న బేగంబజార్‌లో హమాలీ. లారీ వెనక్కి వచ్చి కాలు నలిగింది. నేను అప్పటికి వకీలు ఆఫీసులో గుమాస్తాగా చేరి రెండేళ్లు. బావ కేసు కదా అని కాగితాలన్నీ నేనే మీదేసుకున్నాను. వృత్తి అన్నచోట ‘కూలి’ అని టైపు కొట్టాను. హమాలీ అయినా కూలే కదా అనుకున్నాను. డాక్టరు కాలికి 20 శాతం వైకల్యమని రాశారు. బోనులో అవతలి వకీలు మీ నాన్నను అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘కూర్చుని చేసే కూలి పనులు కూడా ఉంటాయి కదా?’ మీ నాన్న సంగతి తెలుసుగా, అబద్ధం చెప్పడు. ‘ఉంటాయి సార్’ అన్నాడు. 20 శాతానికే లెక్క కట్టారు. నూరు కిలోల బస్తా మోసిన మనిషి ఆ తర్వాత ఒక్క బస్తా ఎత్తలేదు, గోదాం ముందు కుర్చీ వేసుకుని వాచ్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆ ఒక్క మాట సంగతి మీ అమ్మకు నేను ఇంతవరకూ చెప్పలేదు. నువ్వే చెప్పు.

2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పు వచ్చినప్పుడు ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని రెండుసార్లు చదివాను. డాక్టరు చెప్పే శారీరక వైకల్యం వేరు, దానివల్ల పోయే సంపాదన శక్తి వేరు అంది సుప్రీంకోర్టు. రెండోదాన్నే ‘ఫంక్షనల్ డిసెబిలిటీ’ అంటారు. ఎడమచెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో బతుకుతెరువు మొత్తం పోవచ్చు, గుమాస్తా ఉద్యోగం మాత్రం నిలవొచ్చు, కాబట్టి మనిషి ఏం పని చేస్తాడో చూసి తేల్చమంది. పద్నాలుగేళ్ల ముందు ఈ మాట నాకు తెలిస్తే ‘హమాలీ’ అనే కొట్టేవాణ్ణి.

అందుకే నీ కాగితాల్లో ‘షాపులో పని’ అని ఎక్కడ కనిపించినా నాకు చెప్పు. మొబైల్ రిపేర్ మెకానిక్ అని ఉండాలి. మైక్రోస్కోప్ కింద పెట్టి సోల్డరింగ్ చేస్తావని, నూక గింజంత పార్టును ట్వీజర్‌తో పట్టుకుంటావని ఉండాలి. బొటనవేలు సగమే వంగుతోందని చెప్పావు. చీపురు పట్టేవాడికి అది ఇబ్బంది, నీకు జీవనోపాధికే దెబ్బ. వైద్యం చేసిన డాక్టరే సాక్షిగా వచ్చి ఈ మాట చెప్తే మరీ మంచిది. వైకల్య సర్టిఫికెట్‌లో ఆ శాతం చేతికా, మొత్తం శరీరానికా అన్నది కూడా చూసుకో. చేతికి 30 అంటే శరీరానికి 30 కాదు, అవతలివాళ్లు అక్కడ గట్టిగా పట్టుకుంటారు.

సర్టిఫికెట్‌కు తొందర లేదు. ఎముక అతికి, ఫిజియోథెరపీ అయ్యాక ఇంక మెరుగుపడదన్న దశలో మెడికల్ బోర్డు దగ్గరికి పోదాం. తొందర ఉన్నది ఓ.పి. వేయడానికి. 2022లో అమల్లోకి వచ్చిన ఆ సవరణే ఆరు నెలల గడువు పెట్టింది. నీ ప్రమాదం జులై 18న, అంటే జనవరి 17 దాటకూడదు. ఈ గడువు చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్ ఉంది, అది తేలేదాకా ఆగుదామనే తెలివి మనకొద్దు. ముందు కేసు వేసి సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయొచ్చు. భువనగిరిలోనూ వేయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. నా ఓటు పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టుకే. సాక్షులు ఇక్కడే ఉన్నారు, నేనూ ఇక్కడే ఉన్నాను. నయాపూల్ దాటితే నడిచిపోయేంత దూరం, ప్రతి పేషీకీ నేను పోగలను.

నీకూ నీ దోస్తుకూ ఒకే ప్రమాదం కదా, అయినా పేర్లు రెండు. ట్రాలీ అడ్డంగా తిరిగింది, నువ్వు కొంచెం వేగంగా ఉన్నావు అనుకుందాం. నీ తప్పు పావు వంతని తేలితే నీ పరిహారంలో పావు వంతు కోత పడుతుంది. అది ‘కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్’. వెనక కూర్చున్నవాడి తప్పేమీ లేదు. వాడికి అదే ప్రమాదం ‘కాంపోజిట్ నెగ్లిజెన్స్’ అవుతుంది. మొత్తం సొమ్ము ట్రాలీ వాళ్ల దగ్గరే వసూలు చేసుకోవచ్చని 2015లో ఖెన్యే కేసులో చెప్పారు. వాడి గీతలకు ఎంత వస్తుందిలే గానీ, వాడు నీ సాక్షి. ఈ తేడా వాడికీ తెలియాలి.

థర్డ్ పార్టీ అంటే ఏంటని అడిగావు. బండి ఓనరు ఒక పార్టీ, ఇన్సూరెన్స్ కంపెనీ రెండోది, వాళ్ల ఒప్పందంలో లేకుండా రోడ్డు మీద దెబ్బతిన్న నువ్వు మూడోవాడివి. కేసులో ఓనరు, కంపెనీ రెస్పాండెంట్లు. డ్రైవర్ లైసెన్సు సరిగ్గా లేదని కంపెనీ తప్పుకోవాలని చూస్తుంది. ట్రాలీలాంటి చిన్న రవాణా బండికి మామూలు ఎల్ఎంవీ లైసెన్సు చాలని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. అసలు లైసెన్సే లేకపోయినా, ముందు బాధితుడికి కట్టి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు అంటుంటాయి, అదే ‘పే అండ్ రికవర్’. ఆర్టీసీ బస్సయితే ఇన్సూరెన్స్ కంపెనీ మాట పక్కన పెట్టి నేరుగా సంస్థ మీదే వేసేవాళ్లం.

బిల్లులు, మందుల చీటీలు, ఫిజియోథెరపీకి పోయిన ఆటో కిరాయిలు ఒక కవర్లో వెయ్. చెయ్యి పనికిరాని నెలల రాబడి, నొప్పి, పక్కనుండి చూసుకున్న మనిషి ఖర్చు వేరే పద్దులు. మీ అమ్మ చాకిరీకీ లెక్క ఉంది, నవ్వకు.

వకీలు సంగతి. వచ్చినదాంట్లో మూడో వంతు ఇవ్వు, ఇప్పుడు పైసా వద్దు అని దవాఖాన గేటు దగ్గర చెప్పేవాళ్లున్నారు. కేసు ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. నేను పనిచేసిన వకీలు గారి అబ్బాయితో మాట్లాడాను. ఆయన ఫీజు కాగితం మీద రాసి ఇస్తాడు. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ అంటే వినవచ్చు. నాకు దాని మీద కోపం లేదు, త్వరగా తేలుతుంది. కాకపోతే అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు, ఇంటి దగ్గరే ఒక అంకె అనుకుని పోవాలి.

వకాలత్‌నామా పంపిస్తున్నాను. ఖాళీ కాగితం మీద సంతకం నా కోసం కూడా చేయకు. కుడిచెయ్యి కుదరదని ఎడమచేత్తో గిలికితే బ్యాంకు సంతకంతో కలవక తర్వాత నానా తంటాలు. ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యి. చెయ్యి దెబ్బతిన్నందుకే ముద్ర వేశాడని పక్కన రాయించు.

నీకు జీతం చీటీ లేదు కాబట్టి నీ రాబడికి షాపు సేటు మాటే ఆధారం, ఫోన్‌పేలో పడ్డ డబ్బులు దానికి తోడు. ఆయన్ను ఒకసారి నా దగ్గరికి పంపు. నువ్వు తీసుకున్న అడ్వాన్సు కోసం కాదు, సాక్ష్యం కోసమని ముందే చెప్పు. లేకపోతే రాడు.

మీ మామ