సీఏ ఫౌండేషన్: మోడల్ పేపర్ రాసి పక్కన పెడితే సరిపోదు

అకౌంటింగ్‌లో 52, బిజినెస్ లా‌లో 43, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్‌లో 46, ఎకనామిక్స్‌లో 53. ఇంటర్మీడియట్ లెక్కన హాయిగా పాసైనట్టే. సీఏ ఫౌండేషన్‌లో మాత్రం ఈ అభ్యర్థి తప్పాడు. ఒక్కో పేపర్‌లో 40 వస్తే సరిపోదు, నాలుగూ కలిపి 400కు కనీసం 200 రావాలి. పైన కూడితే 194 వచ్చింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎంఈసీ, సీఈసీ చదివి సీఏ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ముందు చెప్పాల్సింది ఈ ఆరు మార్కుల సంగతే. అవి కొత్త చాప్టర్ చదవడం కన్నా, వచ్చిన చాప్టర్‌లోనే మార్కులు ఎక్కడ జారిపోతున్నాయో కనిపెడితే త్వరగా దొరుకుతాయి. మోడల్ పేపర్లు అందుకే ఉన్నాయి. మనవాళ్లలో చాలామంది వాటిని గైడు చదివినట్టు చదివేస్తారు. ప్రశ్న చూడటం, కింద జవాబు చూడటం, 'ఇది నాకొచ్చులే' అనుకోవడం. అలా వంద పేపర్లు తిరగేసినా ఒక్క మార్కు పెరగదు.

పేపర్ల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. సీఏ ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) ప్రతి విడతకూ రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్ట్ పేపర్లు జవాబులతో సహా వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇస్తుంది. అకౌంటింగ్, లా పాత ప్రశ్నపత్రాలకు సజెస్టెడ్ ఆన్సర్స్ కూడా అక్కడే ఉంటాయి. పాత ప్రశ్నల సెకండ్ హ్యాండ్ స్కానర్ పుస్తకాలు కొనేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. కొత్త సిలబస్‌తో ఫౌండేషన్ పరీక్ష 2024 జూన్‌లో మొదలైంది. బిజినెస్ కరెస్పాండెన్స్, కమర్షియల్ నాలెడ్జ్ భాగాలు అప్పుడే పోయాయి. సీనియర్లు ప్రేమగా ఇచ్చిన పాత కట్టలో వాటి ప్రశ్నలుంటే వదిలేయండి.

ఇక రాసే పద్ధతి. ఇటీవలి షెడ్యూళ్లలో ఫౌండేషన్ పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతోంది. మీరూ ఇంట్లో 2 గంటలకే కూర్చోండి. భోజనం చేశాక, ఎండాకాలమైతే కరెంటు ఉన్నా లేకపోయినా, కునికిపాట్లు వచ్చే ఆ వేళలోనే మూడు గంటలు రాయడం అలవాటు కావాలి. తెల్లవారుజామున హుషారుగా రాసిన మాక్ టెస్టు మార్కులను నేను సగమే నమ్ముతాను. అకౌంటింగ్‌లో 180 నిమిషాలకు 100 మార్కులు. అంటే 20 మార్కుల ప్రశ్నకు 36 నిమిషాలు. బ్యాలెన్స్ షీట్ టాలీ కాలేదని ఒకే లెక్కతో గంటసేపు కుస్తీ పడితే, ఆ ప్రశ్న దక్కినా ఇంకో ప్రశ్న పోయినట్టే. టాలీ కాకపోయినా వర్కింగ్ నోట్స్ శుభ్రంగా రాసి ముందుకు కదలండి. అవి జవాబులో భాగమేనని ప్రశ్నపత్రమే చెబుతుంది.

రాయడం పూర్తయ్యాక అసలు పని ఉంది. పేపర్‌కు మూడు గంటలు పడితే దిద్దుకోవడానికి రెండు గంటలైనా కేటాయించండి. పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం రాయండి: తెలియక పోయిందా, తెలిసీ కూడికలో పోయిందా, టైమ్ చాలక పోయిందా. నాలుగైదు పేపర్లయ్యాక ఆ కారణాలు లెక్కేస్తే మీ జబ్బేమిటో బయటపడుతుంది. కూడికల్లో పోయేవాడు మళ్లీ పార్ట్‌నర్‌షిప్ చాప్టర్ చదివి ప్రయోజనం లేదు.

లా పేపర్‌ను మనంతట మనం దిద్దుకోవడం కష్టం. ఒక ఉదాహరణ తీసుకోండి. మిర్యాలగూడ మిల్లరు శాంపిల్ బియ్యం చూపించి లారీ లోడు అమ్మాడు. దిగిన సరుకు శాంపిల్‌తో సరిపోలలేదు. కొన్నవాడు తిప్పి పంపొచ్చా? పంపొచ్చని మనూళ్లో ఎవరైనా చెబుతారు. ఆ ఒక్క ముక్కకు మార్కులు రావు. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సరుకు శాంపిల్‌కు సరిపోవాలన్నది ఒప్పందంలో అంతర్లీనంగా ఉండే షరతు. ముందు ఆ నియమం, తర్వాత ఇక్కడి విషయానికి దాని అన్వయం, చివర్న తీర్పు. అదీ ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియంలో చదివినవాళ్లు సజెస్టెడ్ ఆన్సర్స్‌లోని వాక్యాల తీరును రోజూ కాసేపు చేత్తో రాస్తే కలం ఆగదు. దిద్దడానికి ఇద్దరు ముగ్గురు స్నేహితులు జవాబుపత్రాలు మార్చుకోండి. ఊళ్లో సీఏ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ చేస్తున్నవాళ్లెవరైనా తెలిస్తే ఇంకా మంచిది. ఆ దెబ్బలు తిని వచ్చినవాళ్లు కాబట్టి ఇట్టే పట్టేస్తారు.

మూడోదైన క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, నాలుగోదైన ఎకనామిక్స్ పేపర్లు ఆబ్జెక్టివ్. తప్పుకు పావు మార్కు కోత. భయపడి ఖాళీలు వదిలేసేవాళ్లు ఈ లెక్క చూడండి. ఏమీ తెలియని 16 ప్రశ్నలకు గుడ్డిగా గుర్తిస్తే సగటున నాలుగు ఒప్పు, పన్నెండు తప్పు. నాలుగు వచ్చి మూడు పోతాయి, మిగిలేది ఒకటి. అదే 16లో రెండేసి ఆప్షన్లు కావని ఖాయంగా తేల్చగలిగితే ఎనిమిది ఒప్పు, ఎనిమిది తప్పు. కోత పోగా ఆరు మార్కులు. మొదట్లో మన అభ్యర్థికి తగ్గినవీ అన్నే. కాకపోతే ఇది సగటు. మీ ఊహలు ఎంతవరకు నిలుస్తాయో మాక్ టెస్టులోనే చూసుకోవాలి. ఊహించి గుర్తించిన ప్రతి ప్రశ్న పక్కనా ప్రాక్టీస్ షీటులో ఒక చుక్క పెట్టి, తర్వాత చుక్కలను విడిగా లెక్కేయండి. కాస్ట్ అకౌంటెన్సీ కోర్సైన సీఎంఏ ఫౌండేషన్‌కు నెగెటివ్ మార్కులు లేవు. అది రాసేవాళ్లు ఒక్కటీ వదలకూడదు.

ఎన్ని పేపర్లు రాయాలని అడుగుతుంటారు. దిద్దుకోగలిగినన్ని. మీ విడతకు వచ్చిన రెండో సిరీస్ మాక్ టెస్టును మాత్రం ముందే విప్పకండి. పరీక్షకు పది రోజుల ముందు వరకు దాన్ని అలాగే ఉంచి, ఏ పేపర్‌ను ఎన్ని గంటలకు రాస్తారో ఆ వేళకే కూర్చుని రాయండి.