పాత వస్తువు – కొత్త చూపు
(గుంపే యొకోయ్ జీవితం నేర్పే పాఠం)

జేబులో పట్టే వీడియో గేమ్‌ను ప్రపంచానికి అలవాటు చేసిన వ్యక్తి, ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగిగా జీవితం ప్రారంభించారంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయనే జపాన్ దేశానికి చెందిన గుంపే యొకోయ్. ఆయన గురించి తెలుసుకుందాం.

మొదటి ఉద్యోగం: యొకోయ్ 1941లో జన్మించారు. క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1965లో నింటెండో కంపెనీలో చేరారు. 1889లో పుట్టిన ఆ కంపెనీ పేకముక్కలకు పేరుపొందింది. ఆ యంత్రాల మరమ్మతులు చూడడమే ఆయన పని. తీరిక వేళల్లో సరదాగా, దూరంగా ఉన్న వస్తువును అందుకొనే సాగే చేతి బొమ్మ ఒకటి చేసుకున్నారు. కంపెనీ అధ్యక్షుడు యమౌచి దానిని చూసి, అమ్మకానికి తయారుచేయమన్నారు. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో వచ్చిన ఆ బొమ్మ 10 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

కాలిక్యులేటర్ నుండి ఆట: ఒకసారి రైలులో ఒక ప్రయాణికుడు పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ ఉండడం యొకోయ్ గమనించారు. అప్పటికి కంపెనీల పోటీ వల్ల కాలిక్యులేటర్లలో వాడే ఎల్.సి.డి. తెరలు, చిప్‌లు చాలా చౌకయ్యాయి. వాటితోనే 1980లో 'గేమ్ అండ్ వాచ్' తయారైంది. కర్రలాంటి మీట జేబులో పట్టదు కనుక, 1982లో కూడిక గుర్తు ఆకారంలో చదునైన మీటను అమర్చారు. నేటి వీడియో గేమ్ రిమోట్ల మీద కూడా అది కనిపిస్తుంది.

గేమ్ బాయ్: 1989లో వచ్చిన దీనికి రంగుల తెర లేదు. రంగుల తెర ఖరీదు ఎక్కువ, బ్యాటరీలను త్వరగా తినేస్తుంది. పోటీగా వచ్చిన సెగా కంపెనీ రంగుల 'గేమ్ గేర్' 6 బ్యాటరీలతో కొద్ది గంటలే నడిచేది. గేమ్ బాయ్ 4 బ్యాటరీలతో 10 గంటలకు పైగా నడిచేది. తరువాతి రంగుల నమూనాతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

అపజయం: 1995లో ఆయన రూపొందించిన 'వర్చువల్ బాయ్' విఫలమైంది. 1996లో నింటెండోను వదిలి సొంత సంస్థ పెట్టుకున్నారు. 1997 అక్టోబర్ 4న రోడ్డు ప్రమాదంలో మరణించారు. ఆయన పాలుపంచుకున్న 'వండర్‌స్వాన్' 1999లో విడుదలైంది. అది ఒకే ఒక్క బ్యాటరీతో నడిచేది!

మనం నేర్చుకోవలసినది: వాడి వాడి పాతబడిన, చౌకైన సాంకేతికతకు కొత్త ఉపయోగం కనిపెట్టాలన్నదే యొకోయ్ సిద్ధాంతం. మన ఊళ్ళలో పులి–మేక ఆటకు సుద్దముక్క, కొన్ని గులకరాళ్ళు చాలు. ఆట గొప్పదనం వస్తువు ఖరీదులో లేదు, నియమాల్లో ఉంది.

మిత్రులారా! రేపు మనలో ఎందరో ఐ.టి.ఐ., డిప్లొమా చదివి జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలలోనో, నందిగామలోని ఏ వర్క్‌షాపులోనో మరమ్మతు పనిలో చేరవచ్చు. దానిని చిన్న పని అనుకోవద్దు. యంత్రాన్ని విప్పి చూసినవారికి దాని లోపలి సంగతి తెలుస్తుంది. ఖరీదైన సామాను లేదని ఆగిపోకుండా, చేతిలో ఉన్నదానితో ఏమి చేయగలమో ఆలోచిద్దాం.