మన నీటికి తగిన చేప



వాడరేవు ఒడ్డున పెరిగిన వాళ్ళకు చేపల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. కాని చేపను పట్టడం వేరు, బతికించడం వేరు. ఈ సంగతి మాకు హాస్టల్లోనే తెలిసింది.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా స్టడీ హాలులో గాజు తొట్టి పెట్టారు. తలా కొంత వేసుకుని ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు తెచ్చాం. తొమ్మిది రోజుల్లో అన్నీ చనిపోయాయి. మేత వేసే పని ఆరో తరగతి తమ్ముడిది. అందరం వాడినే తిట్టాం. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. జంతుశాస్త్రం చదివాక తెలిసింది, తప్పు వాడిది కాదు, తొందరపడిన మాది. ఆ తొట్టిని ఈ ఏడు మళ్ళీ నింపుతున్నారని విని ఈ వ్యాసం రాస్తున్నాం. ఇళ్ళల్లో పెంచుకునేవారికీ ఇవే నియమాలు.

తొట్టి, నీరు

3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న తొట్టి మధ్యరకం. సుమారు 100 లీటర్లు పడుతుంది. అంటే నీటి బరువే 100 కిలోలు, రెండు మిర్చి టిక్కీల కంటె ఎక్కువ. కనుక గట్టి బల్ల కావాలి. ఎండ నేరుగా పడకూడదు.

వలలో పడిన చిన్న సముద్రపు చేపను తెచ్చి ఇందులో వేయవద్దు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ చేప శరీరం దానికి అలవాటుపడింది. మంచినీటిలో వేస్తే నీరు ఒంట్లోకి చొరబడి చచ్చిపోతుంది. పండుగప్ప వంటివి రెండు నీళ్ళలోనూ బతుకుతాయి గాని, అవి పెద్దగా పెరిగి తోటి చేపలను మింగుతాయి.

తీరప్రాంతంలో చాలాచోట్ల బోరు నీరు కఠినజలం. సబ్బు సరిగా నురగ రాకపోతే అదే గుర్తు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే బకెట్లలో పట్టి ఒక రోజు నిలవ ఉంచాలి.

గోల్డ్‌ఫిష్‌లు ఎందుకు చచ్చాయి?

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియా పుడుతుంది. ఇది విషం. ఒక రకం బాక్టీరియా దీనిని నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా పెరగడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. మేము మొదటి రోజే ఎనిమిది చేపలు వేశాం. పైగా గోల్డ్‌ఫిష్ చల్లని నీటిని ఇష్టపడే చేప, మలినం ఎక్కువ వదిలే చేప. మన ఎండలకు అది తగదు.

ఏ చేపలు తట్టుకుంటాయి?

1. మోలీ: కఠినజలం, కొద్దిపాటి ఉప్పదనం దీనికి హాయి. మన తీరానికి మొదటి ఎంపిక ఇదే.

2. గప్పీ, ప్లాటీ: చిన్నవి, గట్టివి. గుడ్లు పెట్టకుండా పిల్లలనే కంటాయి. గప్పీని 1908లో మన దేశానికి తెచ్చారు. దోమ పిల్లలను తింటుంది.

3. గౌరామి: నీటిపైకి వచ్చి గాలిని కూడా పీల్చగలదు. కరెంటు పోయి గాలిపంపు ఆగినా తట్టుకుంటుంది.

4. జీబ్రా డానియో: మన దేశపు చేప. ఆరుకు తగ్గకుండా గుంపుగా పెంచాలి.

100 లీటర్లకు ఆరు మోలీలు, ఆరు డానియోలు, ఒక గౌరామి జంట చాలు. మొదట నాలుగు మోలీలే వేసి, ఆరు వారాల తర్వాత మిగిలినవి కొద్దికొద్దిగా చేర్చాలి.

కొరమీను ఎంత గట్టిదైనా తోటి చేపలను బతకనివ్వదు. ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది. గాజు శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప కూడా అంతే. అది పెద్దదయ్యాక కొందరు చెరువుల్లో, కాలువల్లో వదిలేశారు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఆ చేప ఇప్పుడు మన రాష్ట్రపు నీళ్ళలో పెరిగిపోయి, గరుకు చర్మంతో, ముళ్ళతో మత్స్యకారుల వలలు చింపుతోంది. మన సరదా మన ఇంటి వల మీదికి రాకూడదు. తొట్టి చేపను ఏదైనా సరే బయట నీళ్ళలో వదలవద్దు.

వారం వారం పని

రెండు నిమిషాల్లో తినేంత మేతే రోజుకు ఒకసారి వేయాలి. వారానికొకసారి పావు వంతు నీరు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాక, తీసిన పాత నీటిలోనే పిండాలి. లేకపోతే మంచి బాక్టీరియా చస్తుంది. సబ్బు అసలు వాడరాదు. సంక్రాంతి సెలవుల్లో నాలుగైదు రోజులు మేత లేకున్నా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. దండిగా వేసి వెళ్ళడమే ప్రమాదం.

రంగు చూసి కాదు, నీరు చూసి, ఎండ చూసి, కరెంటు చూసి చేపను ఎంచుకోండి. ఎప్పుడైనా ఒక చేప చనిపోతే మేత వేసే తమ్ముడిని ఏమీ అనకండి. ముందు నీటిని పరీక్షించండి. మేము ఆనాడు చేయని పని అదే.