ఆగిన కుట్టు మిషన్‌ను బాగుచేసుకోవడం ఎలా?

మనం ఇచ్చే కుట్టు మిషన్ నడిచినంత కాలమే ఆ ఇంటికి ఆధారం. అది ఆగితే పండుగకు ఒప్పుకున్న బట్టలు తిరిగి ఇచ్చేయాలి. పిల్లల ఫీజు వాయిదా పడుతుంది. చాలాసార్లు లోపం చిన్నదే. దాన్ని వెతికే పద్ధతి తెలియక మిషన్ మూల చేరుతుంది. ఉపాధ్యాయులుగా మేము శిక్షణలో చెప్పదగిన పద్ధతిని ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాము.

ముందుగా మిషన్ చేసే పని తెలియాలి. ఎలియాస్ హోవే 1846లో అమెరికాలో పేటెంటు పొందిన మిషన్ నుంచి నేటి వరకు మూల సూత్రం ఒకటే: పై దారం, కింది దారం గుడ్డలో పెనవేసుకోవాలి. మన మిషన్లలో సూది పై దారాన్ని దించుతుంది, షటిల్ దాన్ని అందుకుంటుంది, కింది పళ్ళు గుడ్డను జరుపుతాయి. లోపం ఈ మూడింటిలో ఎక్కడుందో చూడాలి.

1. ముందు అడగాలి, తర్వాత విప్పాలి. ఎప్పుడు ఆగింది? అంతకు ముందు సూది మార్చారా, దారం మార్చారా, మందపు గుడ్డ కుట్టారా? మోటారు ఉంటే ప్లగ్గు తీసాకే చెయ్యి పెట్టాలి.

2. తేలికైనది, ఖర్చు లేనిది ముందు చూడాలి. కుట్లు తప్పుతుంటే సూది వంగిందేమో, మొద్దుబారిందేమో, తిరగేసి బిగించారేమో చూడాలి. సూదిపై పొడవైన గాడి ఉన్న వైపు నుంచే దారం ఎక్కాలి. చక్రం తిరిగినా సూది కదలకపోతే, బాబిన్ చుట్టేటప్పుడు వదులు చేసిన చక్రపు బిళ్ళను మళ్ళీ బిగించలేదేమో చూడాలి.

3. గుర్తును సరిగ్గా చదవాలి. గుడ్డ అడుగున దారం ఉండలు కడితే అందరూ బాబిన్‌ను తిడతారు. సాధారణంగా తప్పు పైన ఉంటుంది: పై దారం టెన్షన్ బిళ్ళల మధ్య కూర్చోలేదు. ఫుట్ పైకెత్తి దారం మళ్ళీ ఎక్కించాలి.

4. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చిన వెంటనే పాత గుడ్డ ముక్క మీద కుట్టి చూడాలి. గుణం లేకపోతే దాన్ని యథాస్థానానికి తెచ్చి, మరొకటి చూడాలి. నాలుగు స్క్రూలు కలిపి తిప్పితే ఏది తప్పో ఎప్పటికీ తేలదు.

5. బలం వాడరాదు. చక్రం బరువుగా తిరిగితే షటిల్ దగ్గర పేరుకున్న నూగు, దారపు ముక్కలు బ్రష్‌తో తీయాలి. కొబ్బరి నూనె వేయరాదు. అది జిగురై పట్టేస్తుంది. ప్రతి నూనె రంధ్రంలో మిషన్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు చాలు.

6. విప్పిన వరుసలోనే భాగాలను తెల్లగుడ్డపై పేర్చాలి, ఫోనులో ఫోటో తీసుకోవాలి. సూదికీ షటిల్‌కూ లెక్క తప్పిందనిపిస్తే అక్కడ ఆగి మెకానిక్‌ను పిలవాలి.

కాబట్టి దాతలకు మా మనవి ఒక్కటే. ఇకపై ప్రతి మిషన్‌తో పాటు ఒక సూదుల ప్యాకెట్, ఆయిల్ సీసా, స్క్రూడ్రైవర్, బ్రష్, అదనపు బెల్టు ఇద్దాం. తీసుకున్న అక్కాచెల్లెళ్ళకు ఒక పూట ఈ ఆరు నియమాలు చేతితో చేయించి నేర్పిద్దాం. మిషన్ ధరతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం. మిషన్ ఆగినప్పుడు మళ్ళీ నడిపించే తోవ కూడా మన చేత్తోనే చూపితే, ఇన్‌షా అల్లాహ్, అది సదఖయె జారియాగా సాగుతుంది.