పసిబిడ్డ గిన్నెలో కనిపించని లోహాలు

సోలాపూర్ తూర్పు పేటలలోని నేత కుటుంబాలలో ఆరు నెలలు నిండిన బిడ్డకు తొలి ముద్దగా మెత్తని అన్నమో, పలుచని గంజియో పెట్టడం తెలంగాణ నుండి వెంట తెచ్చుకున్న ఆచారం. ఆ గిన్నె ఎంత శుభ్రంగా ఉన్నా, కంటికీ నాలుకకూ తెలియని సీసం, ఆర్సెనిక్, కాడ్మియం వంటి లోహాంశాలు అందులో చేరే అవకాశం ఉంది.

వీటి ప్రమాదం పెద్దలకన్నా పసివారికే అధికం. కడుపులోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. ఇనుము, సున్నం లోపించిన బిడ్డలో ఈ గ్రహణం మరింత పెరుగుతుంది. పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే మెదడు ఎదుగుదల కుంటుపడి, ఆ నష్టం బడి వయసులో చదువు వెనుకబడినప్పుడు బయటపడవచ్చు. సీసానికి నిరపాయకరమైన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది.

ఈ లోహాలు చేరే దారులు ముఖ్యంగా నాలుగు. నీరు నిలిచిన మడిలో పెరిగే వరి, నేలలోని ఆర్సెనిక్‌ను ఇతర ధాన్యాలకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. పసుపు మెరుపు కోసం కలిపే లెడ్ క్రోమేట్ సీసపు విషమే. తుక్కు లోహంతో పోతపోసిన గిన్నెల నుండి, ముఖ్యంగా పులుపు వండినప్పుడు, సీసం దిగవచ్చు. పొగాకు మొక్క కాడ్మియాన్ని ఆకులలో నిలువ చేసుకుంటుంది. బీడీలు చుట్టిన చేతులు కడగకుండా ముద్ద కలిపితే ఆ దుమ్ము బిడ్డ నోటికి చేరుతుంది.

డబ్బా ఆహారమూ దీనికి అతీతం కాదు. 2023లో అమెరికాలో దాల్చినచెక్క కలిపిన ఆపిల్ గుజ్జు తిన్న పిల్లల రక్తంలో సీసం బయటపడింది. ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ పిల్లల బియ్యపు పొడిలో అకర్బన ఆర్సెనిక్‌కు కిలోకు 100 మైక్రోగ్రాములనూ, 2025 జనవరిలో పిల్లల పొడి ధాన్యాహారంలో సీసానికి కిలోకు 20 మైక్రోగ్రాములనూ చర్య తీసుకోదగిన స్థాయిలుగా నిర్ణయించింది.

నివారణ ఇంటి చేతిలోనే చాలావరకు ఉంది. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు. తరువాత అన్నం ఒక్కటే కాక జొన్న, రాగి జావలు మార్చి మార్చి పెట్టాలి. జొన్నకు సోలాపూర్ నేల పెట్టింది పేరు. బియ్యాన్ని ఆరు రెట్లకు తక్కువ కాని మంచినీటిలో ఉడికించి వార్చితే ఆర్సెనిక్‌లో గణనీయమైన భాగం గంజితో పోతుంది. అందుచేత ఆ గంజిని బిడ్డకు తాగించరాదు. వార్చడంలో పోయే పోషకాలను పప్పు, ఆకుకూరలు భర్తీ చేస్తాయి. పసుపు కొమ్ములు కొని పొడి కొట్టించుకోవడం, స్టీలు గిన్నెలో వండడం, పొగాకు చాటను బిడ్డకు దూరంగా ఉంచి చేతులు సబ్బుతో కడుక్కోవడం అలవాటు కావాలి. మునగాకు, పప్పు, నిమ్మరసం కలిసిన ముద్ద ఇనుమును అందించి సీసానికి అడ్డుకట్ట వేస్తుంది.

భయపడి బిడ్డకు తిండి తగ్గించడం మరింత హాని. అనుమానం కలిగితే వైద్యుని సలహాతో రక్తపరీక్ష చేయించాలి. దారంలో చిక్కును మగ్గం ఎక్కకముందే విప్పడం నేతవారికి తెలిసిన పనే. బిడ్డ ఆహారం విషయంలోనూ అదే ముందుచూపు అవసరం.