బండ మీద రాత

బస్టాండు దగ్గర ఒక చిన్న టిఫిన్ హోటలు ఉంది. దాన్ని నడిపే ఆమెను ఊరంతా పిన్ని అని పిలుస్తారు. ముందు గదిలో హోటలు. వెనక గదిలో కాపురం.

2025 జనవరి. సంక్రాంతి ముందు గిరాకీ పెరిగింది. పిన్ని తన ఇంటి గ్యాస్ బండను హోటలు పొయ్యికి తగిలించింది. తోడికోడలిని అడిగి ఇంకో బండ తెచ్చుకుంది. దాన్ని మెట్ల కింద, కట్టెల పక్కన పడుకోబెట్టింది. నిలబెడితే మెట్లు తగులుతున్నాయి మరి!

గ్యాస్ తెచ్చే అబ్బాయి అది చూశాడు.

"పిన్నీ, ఇదేం పని?"

"చోటు లేదు నాయనా. పడుకోబెడితే ఏమవుతుంది?"

"బండలో ఉన్నది నీళ్లలాంటి ద్రవం పిన్నీ. దాని పైన కొంచెం ఆవిరి ఉంటుంది. నిలబెడితే ఆవిరి బయటికి వస్తుంది. పడుకోబెడితే ద్రవమే వచ్చేస్తుంది. ఒక గ్లాసు ద్రవం సుమారు 250 గ్లాసుల గ్యాస్ అవుతుంది."

పిన్ని గబగబా బండను లేపింది. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఈ గ్యాస్ గాలి కంటే బరువు. పొగలాగా పైకి పోదు. నేల మీద పాకుతుంది. పల్లంలో నిలుస్తుంది. అందుకే గాలి ఆడే చోట, నేలకు సమంగా పెట్టాలి. గుంటలో, నేలమాళిగలో పెట్టకూడదు. పక్కన కట్టెలు, కిరసనాయిలు ఉండకూడదు.

పిన్ని రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. బస్సుల బోర్డులు చదువుతుంది. బండ మీద రాత మాత్రం ఎన్నడూ చూడలేదు. బండ పైన రింగును మోసే పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ లోపలి వైపు "డి-24" అని ఉంది.

"ఇదేంటి బాబూ?"

"పరీక్ష గడువు పిన్నీ. ఏ అంటే మార్చి ఆఖరు. బి అంటే జూన్. సి అంటే సెప్టెంబరు. డి అంటే డిసెంబరు. 24 అంటే 2024."

"అంటే పోయిన నెలతో గడువు అయిపోయింది! దీన్ని నిన్న మా తోడికోడలికి ఇచ్చింది నువ్వే కదా?"

"నేనే. నేనూ చూడలేదు," అన్నాడు తల దించుకుని. ఆ బండ తీసుకుని వేరేది ఇచ్చాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. 14.2 కిలోల బండ ఇంటి వంటకే. హోటలులో వాడితే చట్టం ఒప్పుకోదు. బండలు పట్టుకుపోతారు, కేసు పెడతారు. హోటలుకు 19 కిలోల బండ కొనాలి.

"దాని ధర ఎక్కువ. ఇడ్లీ ధర పెంచితే ఎవరు తింటారు?" అంది పిన్ని. అది నిజమే. అబ్బాయి దగ్గర దానికి జవాబు లేదు.

"అవి ఎన్ని పెట్టుకోవచ్చు?"

"లైసెన్సు లేకుండా మొత్తం గ్యాస్ 100 కిలోలు దాటకూడదు."

పిన్ని బొగ్గుతో గోడ మీద లెక్క వేసింది. ఐదు బండలు 95 కిలోలు. ఆరు అయితే 114. ఇంట్లో ఉన్నది కూడా కలపాలి.

గ్యాస్‌కు సొంత వాసన లేదు. కారితే తెలియాలని కుళ్లు వాసన కలుపుతారు. ఆ వాసన వస్తే పొయ్యి ఆర్పాలి. రెగ్యులేటరు కట్టేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. లైటు స్విచ్చి వేయకూడదు. వెలుగుతున్న లైటు ఆర్పకూడదు కూడా. చాలామంది ఇక్కడే పొరపడతారు. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. అందరూ బయటికి వచ్చాకే ఫోను చేయాలి. 1906 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. మంట లేస్తే 101.

పిన్ని ఆ రెండు నంబర్లూ లెక్క కిందే రాసింది.

వారం తరవాత 19 కిలోల బండ వచ్చింది. అబ్బాయి దించబోయాడు.

"ఆగు నాయనా," అంది పిన్ని. వంగి పట్టీ లోపలి రాత చదివింది. "సి-27. సరే, దించు."