ఆట బలం డబ్బాలో ఉందా?

నిఖత్ జరీన్ నిజామాబాద్ బిడ్డ. 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. ఆమెలా గెలవాలని కందకుర్తి ఆడపిల్లకూ ఆశ ఉంటుంది.

"అమ్మా, ఆటకు ముందు తాగే పొడి కొనియ్యి. బలమొస్తది" అని పిల్ల అడిగితే తల్లి ఏం చెయ్యాలె?

ఆ పొడుల్లో ఎక్కువగా కెఫీన్ ఉంటుంది. చాయ్‌లో ఉండేదే. కానీ ఒక్క చెంచా పొడిలో రెండు మూడు కప్పుల కాఫీ అంత ఉండవచ్చు. పెద్దవాళ్లకు కొంతసేపు హుషారు వస్తుంది. అది కండ పెంచదు. పిల్లలకు గుండెదడ, వణుకు రావచ్చు. నిద్ర పట్టదు. అందుకే పిల్లలకు వద్దని డాక్టర్లు చెబుతారు.

కొన్ని డబ్బాల్లో పైన రాయని మందులూ కలుస్తాయి. పరీక్షలో నిషేధించిన మందు బయటపడితే "తెలియక తాగిన" అంటే సరిపోదు. ఏళ్ల తరబడి ఆట ఆగిపోవచ్చు.

మరి బలం ఎట్ల? ఆటకు రెండు మూడు గంటల ముందు రొట్టె, పప్పు తినాలె. ఆట మధ్య నీళ్లు తాగాలె. తర్వాత గుడ్డు, పాలు, పల్లీలు. రాత్రి నిండా నిద్ర.

డబ్బా మీద రాత ఇంగ్లీషులో ఉంటే పిల్లతో చదివించండి. "ఇందులో కెఫీన్ ఉందా?" అని అడగండి. తెలియకపోతే కొనకండి. డబ్బాను డాక్టరుకు చూపించండి.

చెప్పండి: మీ పిల్లలు ఆటకు ముందు ఏం తింటున్నారు?